వాగీశ్వరి హాఫ్ ప్లేట్ కెమెరా: బెలోస్ నుంచి మొదటి ప్రింటు వరకు

మూతపడిన స్టూడియోల నుంచి పాత చెక్క కెమెరాలు ఇప్పటికీ బయటికి వస్తున్నాయి. కొన్నవారిలో చాలామంది వాటిని ముందు గదిలో అలంకారంగా నిలబెడుతున్నారు. వాటితో మళ్లీ ఫొటో తీయవచ్చు. అందుకు ఏ భాగాన్ని ఎలా పరీక్షించాలో, ఎక్కడ పని చెడుతుందో, ఎంత ఖర్చవుతుందో ఈ డైరీలో వరుసగా రాస్తున్నాను. నేను ఉండేది రాజమహేంద్రవరంలో. ఇక్కడి వేడి, తేమ కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ సంగతులూ ఉంటాయి.

దశ 0: బల్ల మీద ఉన్నవి

కెమెరా కేరళలోని అలప్పుళలో తయారైన వాగీశ్వరి. టేకు చట్రం, ఇత్తడి బిగింపులు. సైజు హాఫ్ ప్లేటు, అంటే 4¾ × 6½ అంగుళాలు. దానితో పాటు పుస్తకంలా తెరుచుకునే రెండు ప్లేట్ హోల్డర్లు (గాజు ప్లేటునో ఫిల్మ్‌నో వెలుతురు తగలకుండా ఉంచి కెమెరా వెనక పెట్టేవి), ఒక్కోదానిలో రెండు ప్లేట్లు పడతాయి. షట్టర్ లేని ఇత్తడి లెన్సు, దానికి తోలు మూత. చెక్క ముక్కాలి స్టాండు.

కొనబోయేవారికి ఒక మాట. ముందు కెమెరాను కాదు, హోల్డర్లను చూడండి. బెలోస్ (లెన్సుకూ కెమెరా వెనక భాగానికీ మధ్య ఉండే మడతల తోలు గొట్టం) చిరిగితే అతకవచ్చు, లెన్సు లేకపోతే ఇంకొకటి బిగించవచ్చు. ఆ కెమెరాకే సరిపోయే హోల్డర్లు లేకపోతే మాత్రం పని అక్కడే ఆగిపోతుంది. ఒక తయారీదారు హాఫ్ ప్లేట్ హోల్డర్ ఇంకొకరి కెమెరాలో కూర్చుంటుందన్న నమ్మకం లేదు. బేరం కుదరకముందే ప్రతి హోల్డర్‌నూ కెమెరా వెనక దూర్చి చూడాలి.

మొత్తం ఖర్చు: ₹16,000

దశ 1: వెలుతురు కారడం

చీకటి గదిలో బెలోస్‌ను పూర్తిగా సాగదీసి, లోపల తెల్ల ఎల్‌ఈడీ టార్చి పెట్టి చూశాను. మడతల మధ్య భాగం బాగానే ఉంది. చుక్కలన్నీ మూలల్లోనే. మడిచినప్పుడల్లా తోలు ఎక్కువగా నలిగేది అక్కడే కదా.

మొదట తెల్ల జిగురులో నల్ల పోస్టర్ రంగు కలిపి పూశాను. ఆరాక చక్కగా కనిపించింది కానీ, బెలోస్ మూసి తెరవగానే పెళుసుగా పగిలి రాలింది. మడత పడే చోట గట్టిపడే జిగురు నిలవదు. తర్వాత పనిచేసిన పద్ధతి ఇది:

1. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, పొడి గుడ్డతో తుడవాలి. తడి తగిలితే పాత తోలు పొర లేస్తుంది.
2. సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌లో దీపపు మసి కలపాలి. ఆరాక కూడా అది రబ్బరులా సాగుతుంది.
3. పలుచని నల్ల నూలు గుడ్డను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, లోపలి వైపు నుంచి మూలల మీద అతికించాలి.
4. బెలోస్ సాగదీసిన స్థితిలోనే రాత్రంతా ఉంచి, మర్నాడు మళ్లీ టార్చి పెట్టి చూడాలి.

బెలోస్ బాగుపడ్డా మొదటి ఫిల్మ్ మీద ఒక మూల నుంచి విసనకర్ర ఆకారంలో నల్లటి చార పడింది. టార్చి పరీక్షలో అది కనిపించదు. హోల్డర్ తలుపు (ఫిల్మ్‌ను కప్పి ఉంచే పలక) లాగినప్పుడు అది బయటికి వచ్చే చీలికను మూసే పాత వెల్వెట్ అరిగిపోవడమే కారణం. ఫిల్మ్ మీద మచ్చ ఆకారం చూస్తే దారి తెలుస్తుంది. చార ఒక అంచు నుంచి మొదలై వెడల్పయితే హోల్డర్‌ను అనుమానించాలి. అంతటా సమానంగా బూడిద రంగు కమ్మితే బెలోస్‌నో, డార్క్‌రూమ్ బల్బునో అనుమానించాలి. పొట్టి నూగు ఉన్న నల్ల వెల్వెట్ పట్టీ వేశాను. నూగు పొడవుగా ఉంటే తలుపు బిగుసుకుపోతుంది.

ఖర్చు ₹340. మొత్తం: ₹16,340

దశ 2: ఫోకస్ ఒకచోట, ఫొటో ఇంకోచోట

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్న దశ ఇదే. దీన్ని దాటవేసి నేరుగా ఫొటోలకు వెళ్లేవారు తర్వాత లెన్సును నిందిస్తారు.

లక్షణం: రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషి కళ్ల మీద గ్రౌండ్ గ్లాసులో (కెమెరా వెనక బొమ్మ కనిపించే గరుకు అద్దం) ఫోకస్ పెడితే, నెగటివ్‌లో కళ్లు మసకగా, కుర్చీ వీపు స్పష్టంగా వచ్చాయి. నేల మీద కొలత టేపు పరిచి, ఒక అంకె మీద ఫోకస్ పెట్టి f/8 దగ్గర తీశాను (f పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది). స్పష్టత ఆ అంకె కంటే దాదాపు 16 సెంటీమీటర్లు వెనక పడింది.

కారణం గ్రౌండ్ గ్లాసు. అసలుది ఎప్పుడో పగిలితే, దాని స్థానంలో ఎవరో 3 మిల్లీమీటర్ల కిటికీ అద్దం వేశారు. అదీ గరుకు వైపు బయటికి పెట్టి. గరుకు వైపు ఎప్పుడూ లెన్సు వైపే ఉండాలి, బొమ్మ పడేది ఆ గరుకు ముఖం మీదే. అద్దం గుండా వెళ్లేటప్పుడు కాంతి వంగి, ఫోకస్ మందంలో మూడో వంతు వెనక్కి జరుగుతుంది. కాబట్టి 3 మిల్లీమీటర్ల అద్దం తిరగబడితే అసలు తేడా 2 మిల్లీమీటర్లు. 210 మిల్లీమీటర్ల లెన్సుతో రెండు మీటర్ల దూరానికి లెక్క కడితే ఆ 2 మిల్లీమీటర్లే 16 సెంటీమీటర్లుగా తేలతాయి. లెక్కా టేపూ ఒకటే చెప్పాయి.

మరి స్టూడియోలో ఇది ఎవరికీ ఎందుకు పట్టలేదు? f-నంబరును 0.1తో గుణిస్తే, కాంటాక్ట్ ప్రింటుకు (నెగటివ్‌ను కాగితానికి ఆనించి అదే సైజులో తీసే ప్రింటు) సరిపడా స్పష్టత ఉండేలా ఫిల్మ్ ఎన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ జరగవచ్చో వస్తుంది. f/8 దగ్గర 0.8, f/22 దగ్గర 2.2. చిన్న రంధ్రంతోనే పనిచేసేవారికి 2 మిల్లీమీటర్ల తేడా కనబడకుండా దాగిపోతుంది.

కొత్త గ్రౌండ్ గ్లాసు తయారీ:

1. 2 మిల్లీమీటర్ల అద్దం ఒకే కొలతలో రెండు ముక్కలు కోయించాలి. ఒకదాని నాలుగు మూలలూ కొంచెం కత్తిరించమనాలి. ఎందుకో దశ 6లో వస్తుంది.
2. అంచులను ఉప్పుకాగితంతో రుద్దాలి, లేకపోతే చేతులు తెగుతాయి.
3. 400 నంబరు కార్బోరండం పొడిని నీళ్లతో ముద్ద చేసి, రెండు అద్దాల మధ్య వేసి గుండ్రంగా రుద్దాలి. మెరుపు మచ్చలు పూర్తిగా పోవాలి.
4. కడిగి, 600 నంబరు పొడితో మళ్లీ రుద్దాలి.

ఆటో స్పేర్ల షాపుల్లో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్‌నూ ఒక ముక్క మీద వాడి చూశాను. గింజ పెద్దది కావడంతో బొమ్మ ఇసకలో గీసినట్టు వచ్చింది. జిడ్డు కూడా వదల్లేదు. దాని జోలికి వెళ్లవద్దు.

ఇక కొలతలు. చట్రం మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, వెర్నియర్ కాలిపర్ తోకతో లోతు కొలిచి, స్కేలు మందం తీసివేయాలి.

గ్రౌండ్ గ్లాసు గరుకు ముఖం: 6.8 మి.మీ.
మొదటి హోల్డర్: ఒక వైపు 6.8, రెండో వైపు 6.9
రెండో హోల్డర్: ఒక వైపు 7.0, రెండో వైపు 8.1

8.1 ఉన్న వైపు తేడా 1.3 మిల్లీమీటర్లు. f/8 దగ్గర అది పనికిరాదు. దాని మీద ఎర్ర చుక్క పెట్టి f/22కే పరిమితం చేశాను.

ఇంకొకటి. ఈ హోల్డర్లు గాజు ప్లేట్ల కోసం చేసినవి. మధ్య పలకకున్న స్ప్రింగు ప్లేటును ముందున్న అంచుకు నొక్కి పెడుతుంది. అర మిల్లీమీటరు కూడా లేని ఫిల్మ్‌ను ఒంటరిగా పెడితే మధ్యలో ఉబ్బుతుంది. 1.2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకును ప్లేటు సైజుకు కోయించి, మెరుపు లేని నల్ల రంగు వేసి, ఫిల్మ్ వెనక పెట్టాను. రంగు వేయకపోతే వెనక నుంచి వెలుతురు తిరిగి కొట్టి, కిటికీల చుట్టూ తెల్లటి వలయాలు వస్తాయి.

అద్దం, పొడి ₹460, రేకు, రంగు ₹300. మొత్తం: ₹17,100

దశ 3: లెన్సు మీది అంకెలు

లెన్సు రాపిడ్ రెక్టిలీనియర్ రకం. ఈ నిర్మాణం 1866 నాటిది. ముందూ వెనకా ఒకే రకం గాజు జంటలు ఉంటాయి. ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి దూరపు వస్తువు బొమ్మ స్పష్టంగా పడే చోటికి ఉన్న దూరం) దాని మీద రాసి లేదు. కొలవడం సులువే:

1. చాలా దూరపు వస్తువు మీద ఫోకస్ పెట్టి, ఫోకస్ కోసం కెమెరా జరిగే పట్టా మీద పెన్సిల్ గీత గీయాలి. నేను 1900లో మొదలై 1997 దాకా రైళ్లు నడిచిన హేవలాక్ వంతెన స్తంభాలను చూశాను.
2. దగ్గరలో స్కేలు నిలబెట్టి, దాని 50 మిల్లీమీటర్లు గ్రౌండ్ గ్లాసులోనూ 50 మిల్లీమీటర్లే వచ్చేలా బెలోస్ సాగదీసి, ఇంకో గీత గీయాలి.
3. రెండు గీతల మధ్య దూరమే ఫోకల్ లెంగ్త్. నాది 210 మి.మీ.

రంధ్రం చుట్టూ 4, 8, 16, 32, 64 అని ఉన్నాయి. అవి f-నంబర్లు కావు. ముందు నుంచి చూస్తే 4 దగ్గర రంధ్రం వెడల్పు 26 మిల్లీమీటర్లు. 210ని 26తో భాగిస్తే 8. అంటే ఇవి 1880ల నాటి యూనిఫాం సిస్టమ్ అంకెలు. 4 అంటే f/8, 8 అంటే f/11, 16 మాత్రం f/16, 32 అంటే f/22, 64 అంటే f/32. తెలియకుండా 64ను f/64గా లెక్కిస్తే వెలుతురు నాలుగు రెట్లు ఎక్కువ పడుతుంది. పాత లెన్సు మీద ఏ అంకె ఉన్నా ఒకసారి రంధ్రం కొలిచి చూసుకోవాలి.

ఖర్చు లేదు. మొత్తం: ₹17,100

దశ 4: ఫిల్మ్

హాఫ్ ప్లేట్ సైజులో ఫిల్మ్ వెతకడం మానేసి ఎక్స్-రే ఫిల్మ్ తీసుకున్నాను, గ్రీన్ సెన్సిటివ్ (ఆకుపచ్చ వెలుతురుకు కూడా స్పందించే) రకం. 8 × 10 అంగుళాల షీటు నుంచి రెండు ముక్కలు వస్తాయి. పక్కన మిగిలే ఒకటిన్నర అంగుళాల పట్టీలు పరీక్షలకు చాలు. వంద షీట్ల డబ్బాకు రెండు వందల ఫొటోలు. ఎర్ర వెలుతురులో కళ్లతో చూస్తూ కడగవచ్చు. కొత్తవారికి ఇంతకంటే మంచి ఫిల్మ్ లేదని నా అభిప్రాయం. చూస్తూ కడిగితే ఏ నిమిషంలో ఏం జరుగుతుందో కంటికి తెలుస్తుంది.

ఎర్ర రంగు పూసిన జీరో వాట్ బల్బుతో మొదలుపెడితే ఫిల్మ్ బూడిద రంగుకు తిరిగింది. పూతలోంచి వేరే రంగుల కాంతి కూడా వస్తోంది. పరీక్ష ఇలా: పట్టీ మీద రూపాయి నాణెం పెట్టి బల్బు కింద ఎనిమిది నిమిషాలు ఉంచి కడగాలి. నాణెం గుండ్రం కనిపిస్తే ఆ బల్బు పనికిరాదు. అసలైన ఎర్ర ఎల్‌ఈడీని గోడ వైపు తిప్పి పెట్టాక నాణెం ఆనవాలు లేదు.

కోత కొలత 119.5 × 164 మి.మీ. సరిగ్గా ప్లేటు సైజుకే కోస్తే తేమ రోజుల్లో హోల్డర్‌లో ఇరుక్కుంటుంది. కట్టర్ పలక మీద బటర్ పేపర్ పరవాలి. ఈ ఫిల్మ్‌కు రెండు వైపులా మందు పూత ఉంటుంది, గీత ఎటు పడినా ఫొటోలో వస్తుంది.

ఫిల్మ్ వేగం (ఐఎస్ఓ, అంటే వెలుతురుకు అది ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె) తెలుసుకోవడానికి హోల్డర్ తలుపును మెట్లు మెట్లుగా మూస్తూ ఒకే ఫిల్మ్ మీద 1, 2, 4, 8 సెకన్లు ఇచ్చాను. నీడలో పగటి వెలుతురుకు ఐఎస్ఓ 50 సరిపోయింది. పాత పసుపు బల్బుల కింద మాత్రం 12కు పడిపోయింది, ఎరుపు ఈ ఫిల్మ్‌కు కనపడదు కాబట్టి. అదే కారణంతో కుంకుమ బొట్టు నల్లగా వస్తుంది, పెదవులు ముదురుతాయి, చర్మం మీది ప్రతి మచ్చా తేలుతుంది. కూర్చునేవారికి ముందే చెప్పడం మర్యాద.

ఫిల్మ్ ₹3,200, బల్బు ₹250. మొత్తం: ₹20,550

దశ 5: కడగడం

ఎక్స్-రే డెవలపర్‌లో (ఫిల్మ్ మీద బొమ్మను బయటికి తెచ్చే మందు) కడిగితే తెలుపూ నలుపే మిగిలాయి, మధ్య ఛాయలు లేవు. ఆసుపత్రికి కావలసింది అదే, మనకు కాదు. డీ-23 అనే డెవలపర్ కలుపుకున్నాను. లీటరుకు మెటాల్ 7.5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు. ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది కరిగాక మిగతా సల్ఫైట్. సల్ఫైట్ అంతా ముందే వేస్తే మెటాల్ కరగదు. వాడేటప్పుడు ఒక వంతు మందుకు మూడు వంతుల నీళ్లు.

ఏప్రిల్‌లో కుళాయి నీళ్లు 31 డిగ్రీలు. ఆ వేడికి ఫిల్మ్ మీది జెలటిన్ పొర మెత్తబడి, వేలు తగిలిన చోటల్లా ఊడింది. ఐసు ముక్కలు ట్రేలో వేస్తే ఒక మూల చల్లగా, ఇంకో మూల వేడిగా ఉండి మచ్చలు పడ్డాయి. చివరికి కొత్త కుండలో రాత్రంతా ఉంచిన నీళ్లు 26 డిగ్రీల దగ్గర నిలకడగా దొరికాయి. డెవలపర్, హైపో (బొమ్మను స్థిరపరిచే మందు), కడిగే నీళ్లు మూడూ ఆ కుండవే కావాలి. ఒకటి చల్లగా, ఇంకొకటి వేడిగా ఉంటే పొర ముడతలు పడుతుంది.

ఇప్పటి పద్ధతి:

1. ట్రే అడుగున నున్నని అద్దం. ప్లాస్టిక్ ట్రే అడుగు గాడులు కింది పూతను గీస్తాయి.
2. ఒక్కసారికి ఒక్క ఫిల్మ్. డెవలపర్ 6 నిమిషాలు, 26 డిగ్రీల దగ్గర.
3. మామూలు నీళ్లలో ఒక నిమిషం.
4. లీటరుకు 250 గ్రాముల హైపో. తెల్లదనం పోయి పారదర్శకం అయిన సమయానికి రెట్టింపు ఉంచాలి.
5. పటిక నీళ్లలో 3 నిమిషాలు. పొర గట్టిపడుతుంది.
6. అరగంట కడిగి, చివరగా బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీళ్లలో ముంచాలి. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి సున్నపు చుక్కలు మిగులుతాయి.

పటిక చేర్చాక ఊడిపోవడం పూర్తిగా ఆగింది. మందుల షాపులో ఖరీదైన హార్డెనర్ అడిగే ముందు కిరాణా కొట్టుకు వెళ్లండి.

ఖర్చు ₹1,650. మొత్తం: ₹22,200

దశ 6: షట్టర్ లేకుండా ఫొటో

మూత తీసి పెట్టడంలో అర సెకను కంటే తక్కువ నమ్మకంగా రాదు. ఐఎస్ఓ 50తో ఎండలో f/16 దగ్గర కావలసింది సెకనులో యాభయ్యో వంతు. కాబట్టి నడి ఎండ వదిలేయాలి. చెట్టు నీడలో f/32 దగ్గర అర సెకను, వరండాలో f/16 దగ్గర 2 సెకన్లు. ఈ కెమెరాకు అనువైన వెలుతురు అదే. వరండాలో మనిషి వీపు కుర్చీకి ఆనించి కూర్చుంటే 2 సెకన్లు కదలకుండా ఉండగలడు.

దగ్గరి ఫొటోలకు బెలోస్ లెక్క వేయాలి. సాగదీసిన పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. 252ను 210తో భాగిస్తే 1.2, వర్గం 1.44. అంటే 2 సెకన్లకు బదులు దాదాపు 3.

వరుస తప్పకూడదు:

1. f/8 దగ్గర ఫోకస్, తర్వాత రంధ్రం తగ్గించడం.
2. లెన్సుకు మూత. ఆ తర్వాతే హోల్డర్.
3. తలుపు లాగి, స్టాండు కదలిక ఆగేదాకా ఆగాలి.
4. మూతను ముందు వదులు చేసి, లెన్సు ముందే అడ్డంగా పట్టుకుని, ఒక్కసారి పక్కకు తీయాలి. నేరుగా లాగితే కెమెరా ఊగుతుంది.
5. మూత, తలుపు, హోల్డర్ మీద గుర్తు.

కోటిలింగాల ఘాట్ దగ్గర గోపురం తీసేటప్పుడు కెమెరాను పైకెత్తకుండా లెన్సు పలకను మాత్రమే పైకి జరిపాను. గోపురం వెనక్కి వాలినట్టు కాకుండా నిటారుగా వచ్చింది. 20 మిల్లీమీటర్లు దాటాక మాత్రం గ్లాసులో కింది మూలలు, అంటే బొమ్మలో ఆకాశం వైపు మూలలు చీకటయ్యాయి. లెన్సు వేసే గుండ్రం అక్కడితో సరి. గ్రౌండ్ గ్లాసు మూలలు కత్తిరించమన్నది ఇందుకే. ఆ కంత గుండా చూస్తే లెన్సు రంధ్రం నిండుగా కనపడాలి. బాదం గింజలా కనిపిస్తే ఆ మూలకు వెలుతురు తగ్గుతోందని అర్థం.

వర్షాకాలం మొదలయ్యాక ఫోకస్ పట్టాలు బిగుసుకున్నాయి. నూనె వేయకూడదు, చెక్క పీల్చుకుంటుంది. కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు.

దశ 7: ప్రింటు

ఎన్‌లార్జర్ అక్కర్లేదు, నెగటివ్ సైజే ప్రింటు సైజు. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన సయనోటైప్ (నీలి రంగు ప్రింటు) ఎంచుకున్నాను. డార్క్‌రూమ్ కూడా అవసరం లేదు, మన ఎండే దీపం. 100 మి.లీ. నీటిలో 25 గ్రాముల ఫెరిక్ అమ్మోనియం సిట్రేట్ ఒక సీసా, 100 మి.లీ.లో 10 గ్రాముల పొటాషియం ఫెర్రీసయనైడ్ ఇంకో సీసా. సమానంగా కలిపి, మందపాటి డ్రాయింగ్ కాగితం మీద పూసి, చీకట్లో ఆరబెట్టి, నెగటివ్‌తో కలిపి అద్దం కింద ఎండలో పెట్టాలి. ఆ తర్వాత నీళ్లలో కడగడమే.

6 నిమిషాలు కడిగిన నెగటివ్‌లు ఇందులో చప్పగా వచ్చాయి. అంతా నీలమే, తెలుపు లేదు. సయనోటైప్‌కు చిక్కని నెగటివ్ కావాలి. డెవలప్ చేసే సమయం 9 నిమిషాలకు పెంచితే తెలుపు తేలింది. వెనక పూతను బట్టలకు వాడే బ్లీచ్‌తో కరిగించే పద్ధతి ఉంది, స్కాన్ చేసేవారికి అది స్పష్టత పెంచుతుంది. కానీ పూత పోతే చిక్కదనం సగమవుతుంది. సయనోటైప్ చేసేవారు రెండు పూతలూ ఉంచుకోవడం మేలు.

ఖర్చు ₹1,300. మొత్తం: ₹23,500

మిగిలిన పని

రెండో హోల్డర్‌లో 8.1 ఉన్న వైపు అంచును వడ్రంగి దగ్గర సరిచేయించాలి. ముందున్న అంచును 1.3 మిల్లీమీటర్లు ముందుకు తేవాలి. వచ్చాక నాలుగు మూలలూ, మధ్యా విడివిడిగా కొలిచి, నేల మీద టేపు పరీక్ష f/8 దగ్గర మళ్లీ చేసి, అంకెలు ఇక్కడ చేరుస్తాను.